రక్తం చుక్క లేని హారర్ పోస్టర్‌లో భయం ఎక్కడుంటుంది? (డిజైన్ విశ్లేషణ)

కొత్తచూపు
ఒక హారర్ సినిమా పోస్టర్ తీసుకుని దాని డిజైన్ మీద పెద్ద వ్యాసం రాయాలి. ఎంచుకున్నది 1973 నాటి ‘ది ఎక్సార్సిస్ట్’ పోస్టర్. అందులో రక్తం లేదు, వికృతమైన ముఖం లేదు, దెయ్యం జాడ కూడా లేదు. రాత్రిపూట వీధి, పొగమంచు, ఒక వీధిదీపం, టోపీ పెట్టుకుని చేతిలో సంచితో నిలబడ్డ మనిషి నల్లటి ఆకారం, పై కిటికీలోంచి ఏటవాలుగా కిందికి పడుతున్న వెలుగు. అంతే. అయినా చూసినప్పుడల్లా గుండె జారుతుంది. ‘నలుపు చావుకి గుర్తు, ఎరుపు రక్తానికి గుర్తు’ లాంటి మాటలు దీనికి అతకడం లేదు. విశ్లేషణ ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ వరసలో చూడాలి?

గీతలమనిషి
గుర్తుల పట్టికను పూర్తిగా పక్కన పెట్టండి. ‘నలుపు అంటే చావు’ అన్న వాక్యం ఏ హారర్ పోస్టర్ కిందైనా అతుకుతుంది. అంటే ఏ పోస్టర్ గురించీ ఏమీ చెప్పనట్టే.

ముందు కన్ను నడిచే దారి పట్టుకోండి. పోస్టర్‌లో అన్నిటికంటే వెలుతురుగా ఉన్న చోటు ఏది? దాన్ని ఆనుకుని బాగా ముదురుగా ఉన్న చోటు ఏది? ఆ రెండూ తగిలే అంచు మీదికే కన్ను మొదట పోతుంది. మీరు చెప్పిన పోస్టర్‌లో ఆ అంచు మనిషి ఆకారం చుట్టూ ఉంది. పొగమంచు తెల్లగా వెలుగుతుంటే, దాని మీద టోపీ అంచు, భుజాలు, సంచి కత్తిరించినట్టు నల్లగా ఉంటాయి. అక్కణ్ణుంచి వెలుగు బాట పట్టుకుని కన్ను పైకి, కిటికీ దాకా ఎక్కుతుంది. కిటికీలో ఏముంది? ఏమీ లేదు. తెల్లటి వెలుగు తప్ప గది కనబడదు, మనిషి కనబడడు.

కన్నును అంత శ్రద్ధగా ఒక చోటికి నడిపించి, అక్కడ చూడటానికి ఏమీ లేకుండా చేయడం ఈ పోస్టర్ అసలు పని. నా దృష్టిలో మీ వ్యాసానికి వెన్నెముక ఇదే. హారర్ పోస్టర్‌ని చదవడమంటే అందులో ఏమున్నాయో లెక్కపెట్టడం కాదు. దేన్ని దాచారో, కన్నును ఆ దాచిన చోటికి ఏ పనిముట్లతో తీసుకెళ్లారో చూపించడం.

ఇంకొకటి. మామూలుగా ప్రమాదం చీకట్లో ఉంటుంది, వెలుగులోకి వస్తే గండం గడిచినట్టు. ఇక్కడ అది తిరగబడింది. వెలుగొచ్చే వైపే ప్రమాదం, చీకట్లో ఉన్నది మనవాడు. పైగా అదే ఫ్రేమ్‌లో మామూలు వీధిదీపం కూడా ఉంది. రోజూ చూసే వెలుగు ఒకటి పక్కనే ఉండబట్టి, కిటికీ వెలుగు రోజూ చూసేది కాదని తెలుస్తుంది. దీపం తీసేసి ఊహించుకోండి, సగం బలం పోతుంది. ఈ దృశ్యానికి చిత్రకారుడు రెనే మాగ్రిట్ ‘ఎంపైర్ ఆఫ్ లైట్’ చిత్రాలు ప్రేరణ. పైన పట్టపగటి ఆకాశం, కింద రాత్రి వీధి, ఒక్క దీపం. అక్కడ కూడా రెండు వెలుగులు ఒకదానికొకటి పొసగకపోవడమే అశాంతికి మూలం. వ్యాసంలో రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి చూపించండి.

నిశాచరి
గీతలమనిషి గారి మాటకి కొనసాగింపుగా ఆ ఆకారం గురించి. ముఖం కనబడని మనిషిని గుర్తుపట్టడానికి అంచు గీత ఒక్కటే ఆధారం. అందుకే ఆ గీత మీద ఏ వస్తువు కనబడుతుందన్నది చాలా ముఖ్యం. టోపీ, పొడవాటి కోటు, చేతి సంచి మూడూ కలిసి ‘ఇతను దారిన పోయేవాడు కాదు, పని మీద వచ్చాడు’ అని చెబుతాయి. సంచి లేకపోతే అతనే ఆగంతకుడిలా కనబడేవాడు, ఇల్లు బాధితురాలయ్యేది. ఒక్క వస్తువు తీసేస్తే భయం వైపు మారిపోతుంది. ఇలా తీసి చూడటం మంచి పద్ధతి: ప్రతి వస్తువునీ ఒకసారి చేత్తో మూసి, అర్థం మారిందా లేదా చూడండి. మారకపోతే అది అలంకారం. మారితే దాని గురించి కనీసం ఒక పేరా రాయాల్సిందే.

అతను నిలబడి ఉన్నాడు, నడవడం లేదు. నడుస్తుంటే ఏం జరగబోతోందో మనం పూర్తి చేసుకుంటాం. నిలబడితే లోపలికి వెళ్లాలా వద్దా అన్న ప్రశ్న చూసేవాడి మీద పడుతుంది.

ఎర్రసిరా
దాచడమే హారర్ అంటే ఒప్పుకోలేను. 1975 ‘జాస్’ పోస్టర్ చూడండి. రోజర్ కాస్టెల్ వేసిన బొమ్మ, మొదట నవల పేపర్‌బ్యాక్ అట్ట కోసం వేసింది. అందులో దాచినదేమీ లేదు. పైన నీటి మీద ఈదుతున్న అమ్మాయి, కింద నిట్టనిలువుగా పైకి వస్తున్న సొరచేప, నోటి నిండా పళ్లు. అన్నీ ఎదురుగా ఉన్నాయి. అయినా అంత భయపెట్టే పోస్టర్లు ఎన్నున్నాయి?

గీతలమనిషి
ఎర్రసిరా గారు, మంచి అభ్యంతరం. నా మాటని సవరించుకుని ఇలా చెబుతాను. ప్రశ్న ‘చూపించారా, దాచారా’ కాదు. ‘ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు’.

‘జాస్’లో మనకి అంతా తెలుసు, అమ్మాయికి ఏమీ తెలియదు. నీటి గీత తెరలా పనిచేస్తుంది. గీతకి పైన ప్రశాంతం, కింద చావు. రెండిటినీ ఒకేసారి చూడగలిగేది మనం ఒక్కరమే, కానీ చెప్పే వీలు లేదు. అక్కడ దాచింది వస్తువుని కాదు, తరవాతి క్షణాన్ని. చేప నోరు అమ్మాయిని ఇంకా తాకలేదు. ఆ మధ్య ఖాళీ నీరే పోస్టర్‌కి ప్రాణం. తాకించి ఉంటే అది ప్రమాద దృశ్యం అయ్యేది, ఎదురుచూపు పోయేది. ఆకారాలు కూడా చూడండి: చేప తల పైకి మొన తేలిన త్రికోణం, బాణంలా అమ్మాయి వైపే చూపిస్తుంది. ఆమె అడ్డంగా, అది నిలువుగా. రెండు దిశలు కలిసేది ఒక్కచోటే.

‘ఎక్సార్సిస్ట్’లో ఆ మనిషికీ తెలియదు, మనకీ తెలియదు.

మూడో రకం, పాత్రకి తెలిసి మనకి తెలియనిది. భయంతో బిగుసుకున్న ముఖం చట్రం బయటికి చూస్తుంటుంది, ఏం చూస్తోందో మనకి కనబడదు. చవకగా చేయగలిగేది ఇదే కాబట్టి ఎక్కువగా వాడేదీ ఇదే, ఎక్కువగా చెడేదీ ఇదే. ముఖం నటిస్తున్నట్టుంటే మొత్తం కూలిపోతుంది.

నిశాచరి
ఈ లెక్కలో ఇమడని నాలుగోది ఒకటుంది: ఒక రూపం ఇంకో రూపంలోకి జారడం. 1978 ‘హాలోవీన్’ పోస్టర్‌లో చెక్కిన గుమ్మడికాయ మీది గాడులే పక్కకి వచ్చేసరికి కత్తి పట్టిన పిడికిలి కణుపులవుతాయి. 1991 ‘ది సైలెన్స్ ఆఫ్ ది ల్యాంబ్స్’ పోస్టర్‌లో అమ్మాయి నోటిని మూసిన చిమ్మట వీపు మీద పుర్రె, ఆ పుర్రెలోకి ఇంకా దగ్గరగా వెళ్తే అవి ఆడవాళ్ల శరీరాలు. చిత్రకారుడు సాల్వడార్ డాలీతో కలిసి ఫొటోగ్రాఫర్ ఫిలిప్ హాల్స్‌మన్ 1951లో తీసిన ఫొటో ఆ పుర్రెకి ఆధారం. ఆ సినిమాని థ్రిల్లర్ అనేవాళ్లు ఉన్నారు, ఆ గొడవ వద్దు. పోస్టర్ మాత్రం హారర్ పద్ధతిదే. దూరం నుంచి ఒకటి, అడుగు దూరంలో ఇంకొకటి, ముక్కు ఆనిస్తే మరొకటి. విశ్లేషణ రాసేటప్పుడు ‘ఏ దూరం నుంచి ఏం కనబడుతోంది’ అని విడివిడిగా రాయండి. ఫోన్‌లో చిన్న బొమ్మ మాత్రమే చూసి రాసిన విశ్లేషణల్లో మూడో పొర ఎప్పుడూ ఉండదు.

రంగులపెట్టె
కంటి దారి గురించి అందరూ చెబుతున్నారు. దాన్ని ఊహించి రాయకుండా కొలిచి రాయడానికి నాలుగు పరీక్షలు. ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనైనా పది నిమిషాల పని.

మొదటిది బ్లాక్ అండ్ వైట్. ఇక్కడే చాలామంది పొరపడతారు. ‘డీశాచురేట్’ (రంగు తీసేసే ఆదేశం) నొక్కితే వచ్చే బూడిద రంగు కంటికి కనబడే వెలుతురు కాదు. అది స్వచ్ఛమైన ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ ఒకే నడిమి బూడిదగా మార్చేస్తుంది. నిజానికి ఆకుపచ్చ చాలా వెలుతురు, నీలం చాలా ముదురు. దాని బదులు పైన బూడిద రంగుతో నింపిన లేయర్ పెట్టి బ్లెండ్ మోడ్‌ని (పై లేయర్ కిందిదానితో కలిసే తీరుని) ‘కలర్’ చేయండి. లేదా వెలుతురుని రంగు నుంచి విడదీసే ల్యాబ్ మోడ్‌లోకి మార్చి లైట్‌నెస్ ఛానల్ ఒక్కటే చూడండి.

రెండోది, ఆ బ్లాక్ అండ్ వైట్ బొమ్మని మూడు మెట్లకి కుదించడం: నలుపు, నడిమి బూడిద, తెలుపు. పోస్టరైజ్‌లో 3 పెట్టండి. ఏ మెట్టు ఎంత స్థలం ఆక్రమించిందో కంటితోనే అంచనా వేయొచ్చు. బలమైన హారర్ పోస్టర్లలో ఒక మెట్టు మిగతా రెండిటినీ మింగేసినట్టుంటుంది. మూడూ సమానంగా ఉంటే చూపు ఎక్కడా నిలవదు.

మూడోది బ్లర్. వెడల్పులో 2 నుంచి 3 శాతం రేడియస్‌తో గాసియన్ బ్లర్ (బొమ్మని మసకబరిచే ఫిల్టర్) కొట్టండి. 1000 పిక్సెళ్ల వెడల్పు బొమ్మకి 20 నుంచి 30. వివరాలన్నీ కరిగిపోయాక కూడా కన్ను అదే చోటికి పోతే, ఆ చోటు డిజైన్ వల్ల బలంగా ఉంది. పోకపోతే అది నటుడి ముఖం వల్లో కళ్ల వల్లో వస్తున్న బలం. రెండూ వేరు, వ్యాసంలో వేరుగానే రాయాలి.

నాలుగోది, అద్దంలో చూసినట్టు అడ్డంగా తిప్పడం. ఎడమ నుంచి కుడికి చదివే అలవాటున్న కంటికి కుడివైపు ‘ముందు’, ఎడమవైపు ‘వెనక’ అనిపిస్తుంది. కుడివైపు చూస్తున్న పాత్రకి ఎడమ అంచు నుంచి చెయ్యి వస్తే వెన్నులో వణుకు. అదే తిప్పితే ఎదురుదాడిలా ఉంటుంది. తిప్పాక పోస్టర్ బలహీనపడితే దిశని ఆలోచించే పెట్టారన్నమాట. రెండు వైపులా ఒకేలా ఉంటే దిశ మీద ఎక్కువ రాయకండి.

కొత్తచూపు
పరీక్షలు చేశాను, మూడు మెట్ల బొమ్మలోనే కిటికీ, మనిషి విడిగా తేలారు. ధన్యవాదాలు. ఇంకో సందేహం. నలుపు మీద రక్తం రంగు టైటిల్ పెట్టిన పోస్టర్లు కొన్ని పక్కన పెట్టి పోల్చుతున్నాను. కొన్నిట్లో టైటిల్ అదిరిపోతుంది, కొన్నిట్లో వెతుక్కోవాల్సి వస్తుంది. ఎందుకు?

రంగులపెట్టె
లెక్క చూస్తే అర్థమవుతుంది. నలుపు మీద తెలుపుకి కాంట్రాస్ట్, అంటే వెలుతురు తేడా, 21:1. తెర మీద స్వచ్ఛమైన ఎరుపు, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు 255, 0, 0 పెడితే 5.25:1. అదే గడ్డకట్టిన రక్తం రంగని అందరూ వాడే 139, 0, 0 పెడితే దాదాపు 2.1:1. పెద్ద అక్షరాలకి కూడా కనీసం 3:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. అంటే నలుపు మీద ముదురు రక్తం రంగు టైటిల్ మొదటి నుంచే ఓడిపోయిన ఆట. ఎరుపు సరిగా అందని చూపున్నవాళ్లకి అది ఇంకా నలుపే.

వెలుతురు తగ్గే కొద్దీ కంటికి ఎరుపు ముందు నల్లబడుతుంది, నీలం ఆకుపచ్చ రంగులు ఆలస్యంగా నల్లబడతాయి. దీన్ని పుర్కిన్యే ప్రభావం అంటారు. మసక వెలుతురులో గోడ మీదున్న పోస్టర్ విషయంలో ఇది పట్టించుకోవాల్సిన సంగతి. రాత్రి దృశ్యాలకి నీలి ఆకుపచ్చ ఛాయ సహజంగా అనిపించడానికీ ఇదొక కారణం.

అందుకే మీకు అదిరిపోయిందనిపించిన పోస్టర్లలో మళ్లీ చూడండి. ఎరుపు వెనక నలుపు ఉండదు, బూడిదో పాలిపోయిన చర్మం రంగో తెల్లటి మంచో ఉంటుంది. లేదా అక్షరం పై అంచున సన్నగా నారింజ, గులాబీ మెరుపు పెట్టి ఉంటారు. ‘జాస్’ టైటిల్ ఎరుపే, కానీ వెనక తెల్లటి నేపథ్యం. హారర్ అంటే నలుపే అన్న నియమం కూడా లేదు. 1980 ‘ది షైనింగ్’కి డిజైనర్ సాల్ బాస్ చేసిన పోస్టర్ నిండా పసుపు. 1968 ‘రోజ్‌మేరీస్ బేబీ’ది ఆకుపచ్చ: పెద్ద ముఖం పక్కవాటుగా, దాని మీద రాతి గుట్టపై చిన్న నల్లటి పసిపిల్లల బండి. భయపెట్టడానికి తీసుకున్నది ముద్దొచ్చే వస్తువు. బండిని ఒంటరిగా, చిన్నగా, ఎవరూ పెట్టని చోట పెట్టడంతోనే పని అయిపోయింది.

అక్షరాలబడి
టైటిల్ దాకా వచ్చారు కాబట్టి తెలుగు అక్షరాల సంగతి. హారర్ అనగానే అక్షరాల కింద రక్తం కారుతున్నట్టు గీతలు వేస్తారు. లాటిన్ అక్షరాలకి అది అలంకారం మాత్రమే. మన లిపిలో అది అక్షరాన్నే మార్చేస్తుంది. ద కింద నడిమధ్య ఒక చుక్క జారితే ధ. ప కింద జారితే ఫ. డ కింద ఢ, చ కింద ఛ. ‘పగ’ని ‘ఫగ’ చేసిన రక్తం ఎంత అందంగా కారినా లాభం లేదు. ఈ నాలుగు అక్షరాలకీ నడుమ చుక్క వేయకండి. కారాల్సిందే అంటే కుడి పక్క వంపు నుంచి, ఒత్తు గీతకి కనీసం మూడు రెట్ల పొడవున, పక్కకి తప్పించి వేయండి. అప్పుడు కన్ను దాన్ని అక్షరంలో భాగంగా తీసుకోదు.

తుప్పు పట్టినట్టు, పగిలినట్టు చేసే టెక్స్‌చర్ ఇంకో ప్రమాదం. అది ముందు తినేసేది సన్నటి భాగాల్ని: తలకట్టు, గుడి కొస, థ లోపలి చుక్క. చుక్క పోతే థ కాస్తా ధ అవుతుంది. టెక్స్‌చర్‌ని అక్షరం మొత్తానికి ఒకే మోతాదులో వేయకుండా, అక్షరం మాస్క్ (ఏ భాగం కనబడాలో చెప్పే పొర) మీద తలకట్టు, గుడి, ఒత్తుల్ని తెల్లగా కాపాడి, లావుగా ఉన్న గుండ్రటి కడుపు భాగాన్ని మాత్రం తినిపించండి. దెబ్బతిన్న రూపమూ వస్తుంది, చదవడమూ వస్తుంది.

రెండు వరసల టైటిల్ అయితే పై వరస ఒత్తులు కింది వరస గుడుల్లోకి దిగుతాయి. ‘స్త్రీ’, ‘మృత్యువు’ లాంటి మాటలు పైన ఉంటే వరసల మధ్య దూరం అక్షరం సైజుకి 1.5 రెట్లు పెట్టినా ఒక్కోసారి చాలదు. అలాంటప్పుడు దూరం పెంచే కన్నా కింది వరసని అడ్డంగా జరిపి, ఒత్తు దిగే చోట గుడి లేని అక్షరం వచ్చేలా చూడటం మేలు. బాగా అమరితే ఆ రెండు వరసలూ ఒకదాన్నొకటి గోళ్లతో పట్టుకున్నట్టు బిగుస్తాయి. హారర్‌కి అంతకంటే కావాల్సిందేముంది. 

లాటిన్ పోస్టర్లలో కనబడే ‘అక్షరాల మధ్య బారెడు ఖాళీ’ పద్ధతి కూడా గుడ్డిగా తేకండి. 1979 ‘ఏలియన్’ పోస్టర్‌లో ఐదు అక్షరాలు పైన దూరదూరంగా ఉంటాయి, కింద నల్లటి శూన్యంలో పగులుతున్న గుడ్డు, పగులులోంచి పచ్చటి వెలుగు. ఆ ఖాళీ శూన్యాన్ని చెబుతుంది. తెలుగులో ఒత్తు ఏ అక్షరానిదో తెలియనంతగా ఖాళీ పెరిగితే మాట విరిగిపోతుంది. ఒత్తుల్లేని రెండు మూడు అక్షరాల పేర్లకి మాత్రమే అది నప్పుతుంది.

ఎర్రసిరా
అక్షరాలబడి గారు, ద-ధ సంగతి ప్రతి డిజైనరూ గోడకి అంటించుకోవాలి.

నిశాచరి
ముఖం మీద ఆధారపడే పోస్టర్ల గురించి ఇంకా ఎవరూ రాయలేదు. మూడు పనిముట్లు తరచుగా కనబడతాయి.

కింది నుంచి వెలుగు. వెలుగు పైనుంచి రావడానికి మన చూపు అలవాటు పడింది. కింది నుంచి వస్తే కనుబొమ్మల ఎముక, ముక్కు, బుగ్గల నీడలు తలకిందులవుతాయి, తెలిసిన ముఖం కూడా పరాయిదవుతుంది. నూరు శాతం కింది నుంచే ఇస్తే నాటకం మేకప్‌లా పాతబడి కనబడుతుంది. ఒక పక్క నుంచి నలభై ఐదు డిగ్రీల కింద పెట్టి, ఒక కన్ను పూర్తిగా నీడలో వదిలితే బలం నిలుస్తుంది.

కళ్లు. తెల్లగుడ్డు ఎంత కనబడుతుందన్నదే చూపు దిశని చెబుతుంది. అందుకే తెల్లగుడ్డు మొత్తం నల్లగా చేసినా, నల్లగుడ్డు తీసేసినా చూపు ఎటుందో తెలియని అవస్థ పుడుతుంది. దాన్ని వెలిగే ఎర్రకళ్లుగా మార్చిన క్షణం ఆ అవస్థ పోతుంది, బొమ్మల పుస్తకం రాక్షసుడు మిగులుతాడు.

అసలు ముఖమే లేకపోవడం. 1982 ‘ది థింగ్’ కోసం డ్రూ స్ట్రుజన్ వేసిన బొమ్మలో మంచు కోటు టోపీ లోపల ముఖం ఉండాల్సిన చోట కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగు. గీతలమనిషి గారు చెప్పిన కిటికీ ఇక్కడ తల లోపలికి వచ్చింది. రెండింట్లోనూ దాచింది నలుపుతో కాదు, తెలుపుతో. మీ వ్యాసానికి ఈ పోలిక బాగా ఉపయోగపడుతుంది.

ముద్రణగది
తెర మీద చూసి రాసే విశ్లేషణ ఒకటి, కాగితం మీద అచ్చయ్యాక కనబడేది ఇంకొకటి. చీకటి పోస్టర్లకి ఈ తేడా చాలా ఎక్కువ.

అమెరికా సినిమా పోస్టర్ ప్రామాణిక కొలత 27×40 అంగుళాలు, పాతవి 27×41. పూర్తి సైజులో 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్లు) అంటే 8100×12000 పిక్సెళ్లు. అడుగుల దూరం నుంచి చూసేదానికి 150 కూడా చాలు, 4050×6000. ఆ సైజులో చీకటి గ్రేడియంట్లు (మెల్లగా మారే ఛాయలు) ముందు దొరికిపోతాయి. 8 బిట్ ఫైల్‌లో, అంటే నలుపు నుంచి తెలుపు దాకా 256 మెట్లే ఉన్నదాంట్లో, 10వ మెట్టు నుంచి 30వ మెట్టు దాకా 4000 పిక్సెళ్ల మీద మెల్లగా తేలిపోయే చీకటి పెట్టారనుకోండి. మధ్యలో ఉన్నవి ఇరవై మెట్లే. ఒక్కో మెట్టు 200 పిక్సెళ్లు, అచ్చులో అంగుళం పైనే. మంచు ఉండాల్సిన చోట పట్టీలు పట్టీలుగా వస్తుంది. 16 బిట్‌లో పనిచేసి, చివర 1 నుంచి 2 శాతం నాయిస్ (ఇసుక రేణువుల్లాంటి చుక్కలు) చల్లితే పోతుంది. జేపెగ్‌లో గట్టిగా కుదిస్తే మళ్లీ తిరిగొస్తుంది.

నలుపు. ఒక్క బ్లాక్ ఇంక్ 100తో పెద్ద నేపథ్యం అచ్చేస్తే ముదురు బూడిదలా వెలవెలబోతుంది. సయాన్ 60, మెజెంటా 40, ఎల్లో 40, బ్లాక్ 100 కలిపితే మొత్తం 240 శాతం, లోతైన నలుపు వస్తుంది. ఇంకా లోతు కావాలని నాలుగూ 100 పెడితే 400 అవుతుంది. నున్నటి కాగితం కూడా సాధారణంగా 300 దగ్గరే ఆగమంటుంది. ఆపైన ఇంక్ ఆరదు, వెనక కాగితానికి అంటుతుంది. న్యూస్‌ప్రింట్‌కి (వార్తాపత్రికల కాగితానికి) 240 దగ్గరే హద్దు.

నీడలో దాచిన ఆకారం. తెర మీద ల్యాబ్ లైట్‌నెస్ 5, 8 మధ్య ‘ఉన్నట్టూ లేనట్టూ’ ఉంచిన ముఖం అచ్చులో పూర్తిగా మునిగిపోతుంది. ఇంక్ చుక్కలు కాగితం మీద ఉబ్బి, 95 శాతం దాటిన నీడలన్నీ మూసుకుపోతాయి. కనబడీ కనబడనట్టు ఉండాల్సింది కనీసం 12 నుంచి 15 దగ్గర ఉండాలి, చుట్టూ నేపథ్యం 5 దగ్గర. తెర మీద ‘మరీ తేటగా ఉందే’ అనిపిస్తుంది, కాగితం మీద సరిపోతుంది.

సన్నటి తెల్ల అక్షరాలు. నాలుగు ఇంక్‌ల నలుపు మీద తెల్లటి సన్న అక్షరం వదిలితే, ఒక్కో ఇంక్‌ని అచ్చేసే ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అంచుల్లో రంగులు చొరబడి గీత పూడుకుపోతుంది. మన ఒత్తులకి మరీ ముప్పు. గీత మందం కనీసం 1 పాయింటు ఉంచండి. అక్షరాల చుట్టూ సయాన్, మెజెంటా, ఎల్లోలను కొద్దిగా వెనక్కి లాగి, అంచున బ్లాక్ ఒక్కటే ఉండేలా చేస్తే జరిగినా కనబడదు.

కొత్తచూపు
ముద్రణగది గారు, లైట్‌బాక్స్‌లో పెట్టిన పోస్టర్ గోడ మీదిదాని కన్నా పాలిపోయినట్టు ఎందుకుంటుంది? రెండిట్లో దేని ఆధారంగా రాయాలి?

ముద్రణగది
వెనక నుంచి వెలుగు వచ్చినప్పుడు నలుపు అంటే కాగితమూ ఇంకూ కలిసి ఎంత వెలుగు ఆపుతాయన్నదే. ఒకవైపే అచ్చేస్తే ఆపేది చాలదు, నలుపు బూడిదవుతుంది. అందుకే లైట్‌బాక్స్ కోసం చేసే పోస్టర్లకి వెనక వైపు అదే బొమ్మని అద్దంలోలా తిప్పి, లేతగా అచ్చేస్తారు. వెలుగు పడ్డప్పుడు రెండు పొరలూ కలిసి లోతు ఇస్తాయి. మీరు ఎంచుకున్న పోస్టర్ కిటికీ వెలుగు మీద నడుస్తుంది కాబట్టి రెండూ చూడండి. లైట్‌బాక్స్‌లో కిటికీ నిజంగానే వెలుగుతుంది, గోడ మీద అది కాగితం తెలుపు మాత్రమే. వ్యాసంలో ఏది చూసి రాస్తున్నారో మొదటి పేరాలోనే చెప్పండి.

ఎర్రసిరా
బలహీనమైన పోస్టర్‌ని కూడా పక్కన పెట్టి పోలిస్తే వ్యాసం బలపడుతుంది. పేరు అక్కర్లేదు, రకం చాలు: పాడుబడ్డ బంగ్లా, నిండు చంద్రుడు, ఎండు చెట్టు, ఎగిరే కాకులు, మధ్యలో అమ్మాయి, వెనక ఆకాశమంతా దెయ్యం ముఖం, కింద నేలలోంచి చేతులు. ఏడు వస్తువులూ ఒకే మాట చెబుతున్నాయి. రంగులపెట్టె గారి మూడు మెట్ల పరీక్ష పెడితే మచ్చల దుప్పటిలా వస్తుంది. ‘ఎవరికి తెలుసు’ అని అడిగితే జవాబు లేదు, ఎందుకంటే దెయ్యం అందరికీ కనబడుతోంది, ఎవరూ దాన్ని చూడటం లేదు.

అతికింపు లోపాలు పట్టుకోవడానికి ఒక చిట్కా. అన్నిటికంటే పైన కర్వ్స్ (వెలుగునీడల్ని సర్దే పనిముట్టు) లేయర్ పెట్టి నీడల భాగాన్ని నిట్టనిలువుగా పైకి లాగండి. చీకట్లో దాక్కున్నవన్నీ బయటపడతాయి: ఒక్కో కటౌట్‌కి ఒక్కో నలుపు, జుట్టు చుట్టూ పాత నేపథ్యం తెల్లటి అంచు, చంద్రుడు ఎడమన ఉంటే ముక్కు నీడ కూడా ఎడమకే పడటం. మామూలుగా చూసేవాడికి ఇవి విడిగా కనబడవు, కానీ ‘ఎక్కడో అతికించినట్టుందే’ అన్న అనుమానం వస్తుంది. ఆ అనుమానం వచ్చాక భయం రాదు.

కొత్తచూపు
వ్యాసం వరస ఇలా అనుకుంటున్నాను: ఏ ప్రతి చూశానో, కంటి దారి, రెండు వెలుగులు, అంచు గీత, ఎవరికి తెలుసు, ‘జాస్’తో, ‘ది థింగ్’తో పోలిక, చివర అక్షరాలు. ఏదైనా తగ్గించాలా?

గీతలమనిషి
అక్షరాల భాగం చివర విడిగా వద్దు, కంటి దారిలోనే కలపండి. టైటిల్ ఆ దారిలో ఎన్నో మజిలీ? కిటికీ కన్నా ముందు చదువుతున్నామా, తరవాతా? బ్లర్ చేసిన బొమ్మ మీద 1, 2, 3 అంకెలు వేసి చూపిస్తే పేరా పొడవున రాయక్కర్లేదు. పోలికల్లో ‘జాస్’కి ఎక్కువ చోటు ఇవ్వండి, ఎందుకంటే అది మీ వాదానికి ఎదురు నిలిచేది. ‘ది థింగ్’కి నాలుగు వాక్యాలు చాలు.

రంగులపెట్టె
బొమ్మలు జతచేసేటప్పుడు ఒక జాగ్రత్త. పాత పోస్టర్ల స్కాన్లు ఒక్కోచోట ఒక్కో రంగులో దొరుకుతాయి. పాతబడిన కాగితం పసుపుని డిజైనర్ ఎంచుకున్న రంగనుకుని రాసేయకండి. కాగితం అంచున అచ్చు లేని తెల్ల మార్జిన్ ఉంటే దాని మీద ఐడ్రాపర్ (రంగు అంకెలు చూపించే పనిముట్టు) పెట్టండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు అంకెలూ దగ్గరదగ్గరగా లేకపోతే ఆ స్కాన్ రంగు తప్పినట్టే. ముందు మార్జిన్‌ని తెలుపుకి సరిచేసి, తరవాత రంగు గురించి రాయండి. మార్జిన్ కత్తిరించేసిన స్కాన్ అయితే వెలుగునీడల గురించి మాత్రమే రాసి, రంగుని వదిలేయండి.